పేజీ లేని మెమరీ: స్కాటర్‌లిస్ట్ పేచీ ఎక్కడ మొదలైంది?

నల్గొండలో డివైస్ డ్రైవర్లు రాసే కుర్రాళ్ల మధ్య ఈ వారం మళ్లీ అదే వాదన. చేతిలో ఉన్న పాత డ్రైవర్‌ను లినక్స్ కొత్త డీఎంఏ పద్ధతికి మార్చాలని కొందరు, నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడమని మిగతావాళ్లు. డీఎంఏ అంటే ప్రాసెసర్ చేయి పెట్టకుండా డివైసే నేరుగా మెమరీని చదవడం, రాయడం. దానికోసం వాడే స్కాటర్‌లిస్ట్‌తో ముడి పడింది 2007లో.

అప్పటిదాకా స్కాటర్‌లిస్ట్, అంటే చెల్లాచెదురుగా ఉన్న మెమరీ ముక్కల జాబితా, ఒక మామూలు వరుస. ఏ పేజీ (కెర్నెల్ మెమరీని విడగొట్టే సమాన ముక్క), అందులో ఎక్కడి నుంచి, ఎంత పొడవు. పక్కనే డివైస్‌కు కనిపించే అడ్రస్. ఎంట్రీ 32 బైట్లు, వరుస ఇమడాల్సిన ఒక్క 4 కేబీ పేజీలో పట్టేవి 128. బఫర్ విడివిడి పేజీల్లో ఉంటే 512 కేబీ దగ్గర ఆగిపోవాల్సిందే. అందుకే లినక్స్ 2.6.24 కోసం కెర్నెల్ డెవలపర్ జెన్స్ ఆక్స్‌బో ఈ వరుసలను గొలుసు కట్టారు. గొలుసు గుర్తు, ముగింపు గుర్తు పేజీ పాయింటర్ చివరి రెండు బిట్లలో దూర్చారు. పేజీని నేరుగా చదివే డ్రైవర్లు బోలెడు కంపైల్ కాకుండా పోయాయి.

వాటిని సరిచేశారు. కానీ ప్రాసెసర్ లెక్క, డివైస్ లెక్క ఒకే వరుసలో ఉండిపోయాయి. 40 ఎంట్రీలు మ్యాప్ చేస్తే ఐఓఎంఎంయూ (డివైస్ వాడే అడ్రస్‌లను అసలు మెమరీ అడ్రస్‌లకు మార్చే హార్డ్‌వేర్) వాటిని కలిపి 1 అని తిరిగి ఇవ్వొచ్చు. అన్‌మ్యాప్‌కు మాత్రం 40 అనే చెప్పాలి. కొత్తగా రాసేవాడు 1 ఇస్తాడు, టెస్టింగ్‌లో ఏమీ కాదు కూడా!

2012లో ఒకే బఫర్‌ను వేర్వేరు డ్రైవర్లు పంచుకునే డీఎంఏ-బఫ్ వచ్చింది. బఫర్ తీసుకునే డ్రైవర్ పేజీలను ముట్టుకోకూడదు. అయినా చేతికిచ్చేది స్కాటర్‌లిస్టే. చివరికి, ముట్టుకునే డ్రైవర్ దొరికిపోయేలా, డీబగ్ ఆప్షన్‌లో పేజీ పాయింటర్లను కావాలనే చెడగొట్టాల్సి వచ్చింది. 2018లో ఒక పీసీఐ డివైస్ నుంచి ఇంకోదానికి నేరుగా డేటా పంపడం కోసం, స్కాటర్‌లిస్ట్‌కు పేజీ కావాలి కాబట్టి, డివైస్ మెమరీకి కూడా 4 కేబీకి 64 బైట్ల చొప్పున పేజీ రికార్డులు సృష్టించారు. పాస్‌బుక్ లేనంత మాత్రాన గ్రామకంఠం స్థలం లేకుండా పోతుందా?

ఫిజికల్ అడ్రస్, పొడవు చాలని కెర్నెల్ డెవలపర్ మాథ్యూ విల్‌కాక్స్ 2022లో అన్నది ఇందుకే. 2025లో లినక్స్ 6.16లోకి వచ్చిన లియోన్ రొమానోవ్‌స్కీ పద్ధతి అదే దారి పట్టింది: ముందు ఐఓవీఏ (డివైస్‌కు కనిపించే అడ్రస్) జాగా తీసుకో, తర్వాత ఒక్కో ముక్కను దానికి కలుపు. స్కాటర్‌లిస్ట్ అక్కర్లేదు.

ఐఓఎంఎంయూ లేని బోర్డు కోసం రెండో దారి కూడా రాయాలి, కోడ్ పెరుగుతుందని వద్దనేవాళ్ల మాట. నిజమే. చిన్న సెన్సర్ డ్రైవరైతే నేనూ కదిలించను. కానీ ఇప్పుడు గొడవ పడుతున్నది వీడియో క్యాప్చర్ కార్డు గురించి. దాని ఫ్రేములు వెళ్లాల్సింది నేరుగా జీపీయూ మెమరీలోకి.