మొదటి ఈసీజీ నార్మల్ వస్తే ఇంటికి వెళ్లిపోవచ్చా?

ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉండేది గుండెపోటు కాదు. కండరం పట్టేసి ఉండొచ్చు, ఎసిడిటీ కావచ్చు, విపరీతమైన టెన్షన్ కావచ్చు. అయితే గుండెపోటు ఉన్న ఆ కొద్దిమందిలో ఒక్కరిని పొరపాటున ఇంటికి పంపినా ప్రాణం మీదికి వస్తుంది. అలాగని వచ్చినవాళ్లందరినీ అడ్మిట్ చేయడమూ కుదరదు.

అందుకే రోగి రాగానే, 10 నిమిషాల్లోపే ఈసీజీ తీసి చూడాలంటారు. అందులో గుండెపోటు స్పష్టంగా కనిపిస్తే ఇక లెక్కలతో పని లేదు, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే ఏర్పాట్లు మొదలవుతాయి. ఈసీజీ నార్మల్‌గానో, ఎటూ తేలకుండానో వచ్చినప్పుడే అసలు చిక్కు.

ఇలాంటివారి కోసం నెదర్లాండ్స్ వైద్యులు 2008లో 'హార్ట్ స్కోర్'ను ప్రకటించారు. నొప్పి తీరు, ఈసీజీ, వయసు, ముప్పు పెంచే కారణాలు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష: ఒక్కోదానికి 0 నుంచి 2 పాయింట్లు. 52 ఏళ్ల వ్యక్తి వచ్చాడనుకుందాం. వయసుకు 1. నొప్పి కాస్త అనుమానంగా ఉంది, 1. బీపీ, సిగరెట్ అలవాటు ఉన్నాయి కాబట్టి ఇంకో 1. ఈసీజీ, ట్రోపోనిన్ నార్మల్. మొత్తం 3, అంటే ముప్పు తక్కువే. ఇప్పుడు అతను చెప్పడం మరిచిన షుగర్ సంగతి బయటపడిందనుకోండి. మూడు కారణాలయ్యాయి కాబట్టి అక్కడ 2 పడుతుంది, మొత్తం 4 అవుతుంది. అబ్జర్వేషన్‌లో ఉంచాల్సిన వర్గంలోకి వచ్చేశాడు. డాక్టర్ అడిగినప్పుడు ఏదీ దాచొద్దనేది ఇందుకే.

ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది, కానీ వెంటనే కాదు. నొప్పి మొదలైన అరగంటకే రక్తం తీస్తే గుండెపోటు ఉన్నా నార్మల్ అని రావచ్చు. కాబట్టి 'నొప్పి ఎన్నింటికి మొదలైంది?' అన్న ప్రశ్నకు సరైన జవాబు చాలా ముఖ్యం. సున్నితమైన కొత్త పరీక్షలైతే ఒకటి నుంచి మూడు గంటల్లో, పాతవైతే ఇంకాస్త ఆగి మళ్లీ చేస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ట్రోపోనిన్ ఎప్పుడూ కొంత ఎక్కువే ఉండొచ్చు. అందుకని రెండు పరీక్షల మధ్య అంకె పెరిగిందా లేదా అన్నది చూడాలి. ఒక్క రిపోర్టు చూసి 'ఏం లేదులే' అని లేచి వెళ్లిపోవడం నిజంగా ప్రమాదం. ఎసిడిటీ మందు తాగాక నొప్పి తగ్గినా గుండె బాగుందని అర్థం కాదు.

స్కోరుకూ హద్దులున్నాయి. స్త్రీలలో, షుగర్ ఉన్నవారిలో, పెద్ద వయసువారిలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, దవడ నొప్పి మాత్రమే కనిపించవచ్చు. 'నొప్పి తీరు' దగ్గర వీళ్లకు తక్కువ పాయింట్లు పడే అవకాశముంది. ఇక బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) పొర చీలడం, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం లాంటివి పసిగట్టడానికి ఈ స్కోరు తయారవలేదు. ఉన్నట్టుండి చీల్చినట్టు వచ్చి వీపులోకి పాకే నొప్పి అయితే, స్కోరు ఎంత తక్కువున్నా, సీటీ స్కాన్ గురించి ఆలోచించాల్సిందే.