రెండ్రోజుల సిటీ ట్రిప్, తక్కువ ఖర్చు: నాకు రోజూ వినపడే అపోహలు

ట్రిప్ ప్లాన్లు వేసివ్వడం నా పని. ఎక్కువమంది అడిగేది ఒకటే: పెద్ద సిటీ, రెండ్రోజులు, తక్కువలో అయిపోవాలి. అయ్యే పనే, అందులో తప్పేం లేదు. కాకపోతే ఖర్చు తగ్గించుకోవాలని కొన్ని నిర్ణయాలు ముందే తీసేసుకుని వస్తారు, వాటిలో సగం ఖర్చు పెంచేవే. అందరూ డబ్బు లెక్కేసుకుంటారు గానీ గంటలు లెక్కేసుకోరు. నిద్ర, స్నానం, తిండి, ఆ సిటీకి రానుపోను ప్రయాణం తీసేస్తే రెండ్రోజుల్లో చూడటానికి మిగిలేది పదిహేను గంటలు, మహా అయితే పదహారు. కింద చెప్పేవన్నీ ఆ లెక్క మీద నడిచేవే.

అపోహ: ఊరి చివర హోటల్ తీసుకుంటే డబ్బు మిగులుతుంది.

వారం రోజులు ఉండేవాళ్లకి మిగులుతుందేమో. రెండ్రోజులకి లెక్క వేరు. హోటల్ గంట దూరంలో ఉంటే రోజుకి రెండు గంటలు దారిలోనే పోతాయి, అంటే ఉన్న పదిహేనులో నాలుగు. అదొక్కటే కాదు, మధ్యాహ్నం కాళ్లు లాగేసినప్పుడు రూమ్‌కెళ్లి ఒక గంట నడుం వాల్చి వద్దామంటే కుదరదు, చివరి రైలు టైమ్ గుర్తుపెట్టుకుని రాత్రి తొందరగా బయల్దేరాలి, అది తప్పిపోతే క్యాబ్‌కి పెట్టే డబ్బుతో రూమ్‌లో మిగిల్చింది కాస్తా ఆవిరైపోతుంది.

అలాగని నడిబొడ్డునే ఉండమని నేను చెప్పను, అక్కడ రేట్లు మండిపోతుంటాయి. నేను చేసేది ఇది: చూడాలనుకున్నవన్నీ గూగుల్ మ్యాప్స్‌లో సేవ్ చేస్తాను. చుక్కలు రెండు మూడు గుంపులుగా కనిపిస్తాయి. పెద్ద గుంపుకి రైలు మారకుండా ఒకే లైన్‌లో వెళ్లగలిగే మెట్రో స్టేషన్ వెతికి, దానికి పది నిమిషాల నడక లోపల రూమ్ చూస్తాను. చివరగా రూట్ చూసేటప్పుడు ఇప్పటి టైమ్ పెట్టను, ఆదివారం పొద్దున ఎనిమిదికి, శనివారం రాత్రి పదకొండుకి పెట్టి చూస్తాను. వారం మధ్యలో మధ్యాహ్నం చూసుకుని "అరగంటే" అనుకున్న దారి ఆ టైముల్లో గంటా పది నిమిషాలు అవుతుంటుంది చాలాసార్లు.

అపోహ: చవక ఫ్లైట్ దొరికిందంటే సగం పని అయినట్టే.

ఏ ఎయిర్‌పోర్టో చూశారా? పారిస్ పేరుతో అమ్మే చవక ఫ్లైట్లలో కొన్ని బోవే ఎయిర్‌పోర్టులో దిగుతాయి, అది పారిస్‌కి దాదాపు 80 కిలోమీటర్లు. టోక్యోలో హనేడా ఊరికి దగ్గర, నరిటా 60 కిలోమీటర్ల పైమాటే. ఎయిర్‌పోర్ట్ నుంచి రూమ్ దాకా అయ్యే ఖర్చు, పట్టే టైమ్ టికెట్ పక్కన రాసుకుని అప్పుడు పోల్చండి. రాత్రి పదకొండుకి దిగే ఫ్లైట్ అయితే, చూడటానికి ఏమీ లేని ఆ రాత్రికి కూడా రూమ్ అద్దె కట్టాలి.

అపోహ: సిటీ పాస్ కొనేస్తే అన్నీ చవకే, క్యూ కూడా ఉండదు.

సిటీ పాస్ అంటే ఒకసారి కొంటే ఊళ్లో చాలా చోట్లకి ప్రవేశమిచ్చే టికెట్. అది లాభమా నష్టమా అన్నది పాస్ అమ్మే పేజీలో తెలియదు. మీరు కచ్చితంగా వెళ్లే చోట్ల టికెట్ రేట్లు ఒక కాగితం మీద కూడండి. "టైముంటే చూద్దాం" అనుకున్నవి కూడొద్దు, టైముండదు. పెద్ద మ్యూజియం ఒక్కటే మూడు గంటలు తినేస్తుంది, కాబట్టి మామూలు మనుషులు రోజుకి రెండు టికెట్ చోట్లకి మించి చూడలేరు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్‌లకి మామూలు ప్రవేశం ఉచితమే, అలాంటి ఊళ్లో పాస్ డబ్బు రాబట్టుకోవడం ఇంకా కష్టం. ఇక క్యూ సంగతి: పారిస్ మ్యూజియం పాస్ ఉన్నా అక్కడి లూవ్ర్ మ్యూజియంకి టైమ్ స్లాట్ విడిగా బుక్ చేసుకోవాల్సిందే. పాస్ 48 గంటలు లెక్కా, రెండు తేదీలు లెక్కా అన్నది కూడా చదవండి, తేదీల లెక్క అయితే సాయంత్రం నాలుగుకి మొదలుపెట్టారంటే ఒక రోజు పోయినట్టే.

రైలు, బస్సు పాస్‌లదీ అదే కథ. లండన్‌లో కాంటాక్ట్‌లెస్ కార్డు ట్యాప్ చేసుకుంటూ పోతే రోజుకి ఇంతకుమించి కట్ కాకుండా గరిష్ఠ పరిమితి ఉంటుంది, డే పాస్ కోసం తడుముకోనక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త, రోజంతా అదే కార్డు వాడాలి. పొద్దున ఫోన్‌తో, సాయంత్రం ప్లాస్టిక్ కార్డుతో ట్యాప్ చేస్తే రెండూ ఒకే ఖాతావైనా వేర్వేరు లెక్కలు.

అపోహ: ఉచిత ప్రవేశం ఉన్న రోజు చూసుకుని వెళ్తే సరి.

ఆ ఊళ్లో ఉండేవాళ్లకి సరే. వాటికన్ మ్యూజియంలకి నెలలో చివరి ఆదివారం ఉచితం, అది ఊరందరికీ తెలుసు కూడా. పదిహేను గంటల్లో రెండు గంటలు క్యూలో పోగొట్టుకుని టికెట్ డబ్బు మిగుల్చుకోవడం నాకైతే దండగ. ఎప్పుడూ ఉచితంగా ఉండేవి వెతకండి, అవి బోలెడు. టోక్యోలో షింజుకు దగ్గర మెట్రోపాలిటన్ గవర్నమెంట్ భవనం మీద 202 మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడొచ్చు. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి టికెట్టే లేదు, లిబర్టీ విగ్రహం ముందు నుంచే వెళ్తుంది. విగ్రహం ఉన్న దీవి మీద దిగనివ్వదు, అది తెలిసి ఎక్కండి.

ఏది ఉచితమన్నది పాత వ్లాగ్ చూసి నమ్మొద్దు. రోమ్‌లో పాంథియన్ అనే పురాతన కట్టడానికి 2023 జులై నుంచి టికెట్ పెట్టారు, ఇప్పటికీ "ఫ్రీ" అని చెప్పే వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి.

అపోహ: ముందే అన్నీ ఫిక్స్ చేసుకుంటే మజా ఏముంటుంది, వెళ్లాక చూసుకుందాం.

అన్నీ వద్దు. రోజుకి ఒక్కటి చాలు, మిగతాదంతా మీ ఇష్టం. ఆ ఒక్కటీ మాత్రం వదలకండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నే ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు, ఆరు వారాల తర్వాతి తేదీలవి మంగళవారాల్లో విడుదల చేస్తారు, గుమ్మం దగ్గరికెళ్లి బతిమాలినా లాభం లేదు.

సెలవు రోజులు కూడా బుకింగ్‌కి ముందే చూసుకోవాలి. లూవ్ర్ మంగళవారం మూత, అదే ఊళ్లో ఓర్సే మ్యూజియం సోమవారం మూత. ఢిల్లీ ట్రిప్‌లో ఒక రోజు ఆగ్రా కలుపుకునేవాళ్లు శుక్రవారం పెట్టుకుని వస్తారు, తాజ్‌మహల్ మూసి ఉండేది ఆ రోజే.

అపోహ: చివరి రోజు చెకౌట్ చేసేసి బ్యాగులతో తిరిగేయొచ్చు.

తిరగొచ్చు, లోపలికే రానివ్వరు. లూవ్ర్‌లో 55×35×20 సెంటీమీటర్లు దాటిన బ్యాగుకి ప్రవేశం లేదు, చాలా మ్యూజియంలది ఇదే తీరు. చాలా హోటళ్లు చెకౌట్ తర్వాత కూడా సామాను ఉంచుకుంటాయి, బుక్ చేసేటప్పుడే ఒక మెసేజ్ పెట్టి అడిగేయండి. రూమ్ అపార్ట్‌మెంట్‌లో తీసుకున్నారా, అయితే అక్కడ రిసెప్షన్ ఉండదు, స్టేషన్‌లో లాకర్ ఉందో లేదో, రాత్రి ఎన్నింటి దాకా తీసి ఉంటుందో ముందే చూసుకోండి.