గింజతో పాటు పద్ధతీ రావాలి

మార్గశిర, పుష్య మాసాలు చిత్తూరు జిల్లాలో అనపకాయల కాలం. ఒలిచిన గింజలను రాత్రంతా నానబెట్టి, తెల్లవారాక ఒక్కొక్కదాన్నీ వేళ్ల మధ్య పితికి తోలు తీసి, ఆ పితికిపప్పుతో కాచిన పులుసును రాగి సంగటితో తినడం ఇక్కడి ఇళ్లలో ఇప్పటికీ ఉన్న అలవాటు. రేపటి మనిషి ఏం తింటాడని ఆలోచించేవారు 2013లో లండన్‌లో వండి చూపిన, ప్రయోగశాలలో పెంచిన మాంసం గురించి ఎక్కువగా మాట్లాడతారు. నాకు మాత్రం ఈ సంగటి, పులుసుల దగ్గర మొదలుపెట్టడమే మేలనిపిస్తుంది.

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో కట్టినవి. రాగుల మాంసకృత్తుల్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం బాగానే ఉన్నా, లైసిన్ అనే మరొకటి తక్కువ. అనపగింజల్లో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. పితకడం వల్ల కూడా ప్రయోజనం ఉంది. పోషకాలను పట్టి ఉంచే టానిన్లు ప్రధానంగా గింజ తోలులోనే ఉంటాయి కనుక, తోలుతో పాటే అవీ పోతాయి. మాంసకృత్తుల అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు చాలావరకు ఉడకడంతో పనిచేయకుండా పోతాయి.

రాగుల విషయం ఇంకా లోతైనది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు అటూఇటూగా మాత్రమే ఉంటుంది. అయితే గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. రాగుల్లోని ఫైటిక్ ఆమ్లం కాల్షియాన్నీ, ఇనుమునూ, జింకునూ పట్టుకుని పేగుల్లో ఇంకనివ్వదు. ఆ ఆమ్లాన్ని విడగొట్టే ఫైటేజ్ అనే ఎంజైమ్ గింజలోనే ఉన్నా, అది పనిచేయాలంటే తడి, సమయం, కాస్త పులుపు కావాలి. పచ్చి పిండిని ముందురోజే నీళ్లలో కలిపి పులియబెట్టి, మరునాడు కాచే అంబలిలో ఈ మూడూ కుదురుతాయి: లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పులుపును పెంచితే, ఫైటేజ్ తన పని చేసుకుపోతుంది. పిండిని ముందే ఉడికించేస్తే గింజలోని ఎంజైమ్ వేడికి నశిస్తుంది. ఆ తర్వాత ఎంత పులిసినా సూక్ష్మజీవులు చేయగలిగినంతే మిగులుతుంది. కనుక ఏది ముందు, ఏది తర్వాత అన్నది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

పూర్వుల అలవాట్లన్నీ శాస్త్రమేనని చెప్పడం నా ఉద్దేశం కాదు. రాగులు తింటే రక్తం పడుతుందని చాలామంది నమ్ముతారు కానీ, వాటిలో కాల్షియం ఉన్నంత విశేషంగా ఇనుము లేదు. బి12 విటమిన్ కోసం రాగులనూ, పప్పులనూ నమ్ముకోలేము. ఇలాంటి లోట్లను కొలిచి చెప్పగలిగేది శాస్త్రమే.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చి పేదల ఆకలి తీర్చింది. కాలక్రమంలో మెట్ట ప్రాంతపు ఇళ్లలోనూ వరి అన్నం రోజువారీ తిండి అయింది, సంగటి వెనక్కి జరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక రాగులకు మళ్లీ గిరాకీ పెరిగింది. అయితే అంగళ్లలో అవి ఎక్కువగా బిస్కెట్లుగా, సేమియాగా, మెత్తటి పిండిగా కనిపిస్తున్నాయి. నానబెట్టడం, పులియబెట్టడం, పప్పు జత చేయడం ఆ పొట్లాల్లో రావు. పైగా పిండి ఎంత మెత్తనైతే అందులోని పిండిపదార్థం అంత త్వరగా చక్కెరగా మారుతుంది కాబట్టి, రాగి అన్న పేరు చూసి మధుమేహం ఉన్నవారు నిశ్చింతగా ఉండకూడదు.

పొలంలో శాస్త్రం తన వంతు చేస్తూనే ఉంది. రాగి పైరు ఎండలో కూడా నీటిని పొదుపుగా వాడుకుంటూ ఆహారం తయారుచేసుకునే, శాస్త్రజ్ఞులు సీ4 అని పిలిచే రకం మొక్క. వర్షాధారపు నేలలకు ఆ గుణమే బలం. తిరుపతి సమీపంలోని పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వకుళ అనే రాగి వంగడం వచ్చింది.

ఇక కావలసింది వంటింటికీ పరిశోధనకూ మధ్య దారి. రాగులను మొలకెత్తిస్తే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. అమైలేజ్ అనే మరో ఎంజైమ్ పుట్టి జావను పలచబరుస్తుంది. పిండి ఎక్కువ వేసినా జావ మరీ చిక్కబడదు కనుక చిన్న పొట్ట ఉన్న పిల్లలు కూడా అదే గిన్నెడు జావలో ఎక్కువ గింజను తీసుకోగలరు. 2023 మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. అలాంటి జావకు వాడే పిండిలో కొంత భాగాన్నైనా మొలకెత్తించి, ఆరబెట్టి, విసిరిన రాగులతో చేయించగలిగితే, అదే గ్లాసులో బిడ్డ ఒంటికి చేరే పోషకం పెరుగుతుంది.