మూడు నెలల షుగర్ టెస్ట్: అపోహలు - వాస్తవాలు

ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ రిపోర్టు చేతికిచ్చేటప్పుడు రోజూ వినే మాటలివి.

అపోహ: ఈ టెస్ట్ రక్తంలోని చక్కెరను కొలుస్తుంది.

వాస్తవం: మేం చూసేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ని, అందులో ఎంత భాగానికి చక్కెర అంటుకుందో. అదొక ప్రొటీన్. జన్యువు చెప్పినట్టే తయారైనా, తర్వాత అలాగే ఉండిపోదు. గ్లూకోజ్ వచ్చి దాని బీటా గొలుసు మొదట్లో ఉండే వాలీన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకుంటుంది. మొదట ఆ అతుకు వదులుగానే ఉంటుంది, ఊడిపోవచ్చు కూడా. కొంతసేపటికి లోపలి బంధాలు సర్దుకుని బిగుస్తాయి. ఇక ఆ ఎర్రకణం ఉన్నన్నాళ్లూ వదలదు. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ అనే శాస్త్రవేత్త హిమోగ్లోబిన్ రకాలను పరీక్షిస్తుంటే, షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో ఈ వేరే రకం కనబడింది.

అపోహ: గ్లైకోసైలేషన్ అన్నా, గ్లైకేషన్ అన్నా ఒకటే.

వాస్తవం: పాత రిపోర్టుల్లో మావాళ్లే ‘గ్లైకోసిలేటెడ్’ అని రాసేవారు, కాబట్టి తప్పు మాదే. గ్లైకోసైలేషన్ ఎంజైముల పని, శరీరం కావాలని చేసుకునేది. ఏ, బీ బ్లడ్ గ్రూపుల తేడా అలా అతికించిన చక్కెరల్లోనే ఉంది. గ్లైకేషన్ అంటే పైన చెప్పినట్టు చక్కెర తనంతట తానే అంటుకోవడం, దానికి ఎంజైమ్ అక్కర్లేదు. కోవా మరుగుతూ రంగు తిరగడానికి మొదటి మెట్టు కూడా ఈ రసాయన చర్యే. ఒంట్లో పొయ్యి లేదు కనుక నిదానంగా జరుగుతుంది.

అపోహ: రెండ్రోజులు అన్నం మానేస్తే నంబర్ దిగుతుంది.

వాస్తవం: దిగదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, అన్నాళ్లుగా అంటిన చక్కెరే ఈ నంబర్. అయితే మూడు నెలలకూ సమాన వాటా ఉండదు, దాదాపు సగం గడిచిన నెలదే. పరగడుపున రానక్కర్లేదు, టిఫిన్ చేసే రండి.

అపోహ: ఈ నంబర్ అబద్ధం చెప్పదు.

వాస్తవం: నాకు దిగులు పుట్టించేది ఇదే. ఐరన్ లోపం ఉన్న ఆడవాళ్లలో షుగర్ పెరగకపోయినా నంబర్ పైకి పోవచ్చు. రక్తం పోయినా, ఈమధ్యే ఎక్కించుకున్నా తప్పుగా తగ్గవచ్చు. మన గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో కణాలు తొందరగా చనిపోతాయి, చక్కెర అంటుకునే వ్యవధే ఉండదు. రక్తహీనత ఉందో లేదో చూడకుండా ఈ ఒక్క అంకెతో మందు పెంచడం నాకు మింగుడుపడదు. అలాంటి వాళ్ల విషయంలో డాక్టర్‌ని ఫ్రక్టోసమైన్ అనే మరో పరీక్ష గురించి అడగమంటాను. అది ముఖ్యంగా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అంటిన చక్కెరను చూస్తుంది. చెప్పేది రెండు మూడు వారాల సంగతే గానీ, ఎర్రకణాల గొడవ దానికి లేదు.