ఆలివర్ ఎందుకు దొంగ కాలేదు?

చిరంజీవులు చిట్టికి, చిన్నాకు, మిగతా పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, మీ స్కూల్లో నాన్‌డిటెయిల్డ్ పుస్తకంగా 'ఆలివర్ ట్విస్ట్' పెట్టారనీ, అది చదివి నీకో సందేహం వచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. "చుట్టూ అందరూ దొంగలే కదా, మరి ఆలివర్ ఒక్కడే ఎందుకు దొంగ కాలేదు?" అని అడిగావట. హీరో కాబట్టి అని చిన్నా చెప్పిన జవాబు నీకు నచ్చలేదట. నాకూ నచ్చలేదు. ఫోన్లో తేలే సంగతి కాదు ఇది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువుకోండి.

మీ చేతిలో ఉన్నది బాగా కుదించిన పుస్తకం. అసలు నవల చాలా పెద్దది. చార్లెస్ డికెన్స్ దాన్ని 1837 ఫిబ్రవరి నుంచి 1839 ఏప్రిల్ దాకా లండన్‌లో ఒక మాసపత్రికకు సీరియల్‌గా రాశాడు. మొదలుపెట్టేనాటికి ఆయనకు పాతికేళ్లు. అంతకు కొంచెం ముందు, 1834లో, ఇంగ్లండ్‌లో పేదల కోసమని ఒక చట్టం తెచ్చారు. సాయం కావాలంటే వర్క్‌హౌస్ అనే పేదల శాలలో చేరాలి. చేరితే భార్యాభర్తల్ని, తల్లీబిడ్డల్ని విడదీస్తారు. సుఖంగా ఉంటే జనం ఎగబడతారని తిండి కూడా కావాలనే తగ్గించారు. కథలో ఆలివర్ పుట్టింది అలాంటి చోటే. అక్కడ రోజుకు మూడుసార్లు పలచటి గంజి, వారానికి రెండుసార్లు ఒక ఉల్లిపాయ, ఆదివారం సగం రొట్టె. ఆకలికి తాళలేక పిల్లలు చీట్లు వేసుకుంటే ఆలివర్ పేరు వచ్చింది. వాడు గిన్నె పట్టుకుని వెళ్లి "ఇంకొంచెం కావాలండీ" అన్నాడు. మర్నాడే గేటు మీద కాగితం అంటించారు: ఈ పిల్లవాణ్ణి తీసుకుపోయినవారికి అయిదు పౌండ్లు. వాణ్ణి వదిలించుకోవడానికి ఎదురు డబ్బిస్తామన్నారన్నమాట.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. దానికి ముందు మా నాయనమ్మ పొయ్యి గురించి చెప్పాలి.

మా చిన్నప్పుడు పల్లెలో అగ్గిపుల్లల్ని కూడా లెక్కపెట్టి వాడేవారు. రాత్రి వంట అయ్యాక నాయనమ్మ మిగిలిన కణికల్ని పొయ్యిలో ఒక మూలకు చేర్చి, పైన పిడక పెట్టి, బూడిద కప్పేసేది. తెల్లవారి చూస్తే పొయ్యి చల్లగా, చచ్చిపోయినట్టుండేది. ఆవిడ పుల్లతో బూడిద పక్కకు నెట్టి ఊదుగొట్టంతో ఊదేది. ఒకసారి, రెండోసారి ఏమీ కనబడదు. ఇంకాస్త ఊదేసరికి లోపల ఎర్రగా మెరిసేది. కాస్త కొబ్బరిపీచు అందిస్తే మంట లేచేది. ఏ పొద్దునైనా పొయ్యి నిజంగానే ఆరిపోతే నన్ను పక్కింటికి తరిమేది. నేను పిడక ముక్క మీద నిప్పు పెట్టించుకుని, అది ఆరకుండా ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చేవాణ్ణి. మా వీధి చివర ఒక ముసలావిడ మాత్రం శుక్రవారం నిప్పు ఇచ్చేది కాదు, లక్ష్మి వెళ్లిపోతుందని. కానీ "ఉండు బాబూ" అని చేతిలో బెల్లంముక్క పెట్టేది. అందుకని శుక్రవారాలు కావాలనే ఆవిడ ఇంటికే వెళ్లేవాణ్ణి. సరే, అది వేరే కథ.

మంచితనం ఆ నిప్పు లాంటిదని నేను నమ్ముతాను పిల్లలూ. బూడిద కప్పినంత మాత్రాన ఆరిపోదు. అలాగని తనంతట తాను మండదు కూడా. ఎవరో ఒకరు వంగి ఊదాలి. నీ పుస్తకం మళ్లీ ఈ కళ్లతో చదువు. ఆలివర్ నిప్పును ఎవరెవరు ఊదారో వరసగా కనిపిస్తారు.

అందరికంటే ముందు వాళ్లమ్మ. వాణ్ణి కని, నుదుటి మీద ఒక్క ముద్దు పెట్టి ప్రాణం విడిచింది. వాడికి ఆ ముద్దు గుర్తుండే వయసు కూడా కాదు. తర్వాత, పొగగొట్టాలు శుభ్రం చేసే ఒక క్రూరుడు వాణ్ణి పనికి తీసుకుపోబోతాడు. ముసలి మేజిస్ట్రేటు సంతకం పెట్టాలి. ఆయనకు చూపు సరిగ్గా ఆనదు, సిరాబుడ్డి కోసం బల్ల మీద వెతుకుతాడు. అది ఆయన అనుకున్న చోటే ఉండుంటే సంతకం అయిపోయేది. లేకపోవడం వల్ల చుట్టూ చూశాడు, ఎదురుగా ఆలివర్ ముఖం కనిపించింది, భయంతో పాలిపోయి. కలం పక్కన పెట్టేశాడు. ఈ సీను చదివినప్పుడల్లా నా గుండె ఆగినంత పనవుతుంది. ఒక పిల్లవాడి బతుకు ఒక సిరాబుడ్డి జాగా మీద ఆధారపడింది.

తర్వాత వాణ్ణి శవపేటికలు చేసేవాడి దగ్గర పనికి పెట్టారు. ఆ ఇంటి నుంచి పారిపోతున్న రోజు తెల్లవారుజామున, తనతో పాటు పెరిగిన డిక్ అనే రోగిష్టి పిల్లవాడు గేటు ఎక్కి, మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకుని "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంటాడు. ఆలివర్ పుట్టి బుద్ధెరిగాక విన్న మొదటి దీవెన అదే. ఇచ్చినవాడు తనకంటే చిన్నవాడు, చావుకు దగ్గర పడ్డవాడు. లండన్ ఇంకా డెబ్బయి మైళ్లు. దారిలో ఒక ముసలమ్మ తనకున్నదాంట్లోనే కొంచెం పెట్టి, కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఎందుకో తెలుసా? ఆవిడ మనవడు ఓడ మునిగి, ఏదో దూరదేశంలో చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు. ఈ పిల్లవాడిలో ఆవిడకు వాడు కనిపించాడు. మనవళ్లను దూరాన పెట్టుకున్న వాళ్లకు ఆ నాలుగు వాక్యాలు ఎలా తగులుతాయో మీకు ఇప్పుడే తెలియదు.

బూడిద సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డికెన్స్ దాన్ని చాలా నిజంగా రాశాడు. లండన్‌లో పిల్లలచేత దొంగతనాలు చేయించే ముసలివాడు ఫేగిన్. వాడు ఆలివర్‌ను మొదట కొట్టలేదు. వేడి వేడి సాసేజీలు పెట్టాడు, నవ్వించాడు. జేబులోంచి రుమాలు లాగడం ఒక ఆటలా నేర్పాడు. జీవితంలో ఎవరూ తనతో ఆడని పిల్లవాడికి అది ఎంత ఇష్టంగా ఉంటుందో ఆలోచించండి! రెండోసారి దొరికినప్పుడు ఫేగిన్ ఇంకో ఎత్తు వేశాడు. రోజుల తరబడి చీకటి ఇంట్లో ఒంటరిగా వదిలేశాడు. ఆ దిగులుకు ఎవరు తోడొచ్చినా చాలనిపించే స్థితికి తెచ్చి, అప్పుడు దొంగపిల్లల్ని పంపాడు. చెడు ఎప్పుడూ కోరలతో వస్తుందని కథల్లో చెబుతారు. ఎక్కువసార్లు అది స్నేహితుడిలా వస్తుంది. మీరూ ఇది మనసులో పెట్టుకోండి.

అయినా ఆలివర్ లొంగలేదు. నేరస్తుల కథల పుస్తకం చేతికిస్తే, చదివి భయపడి దూరంగా నెట్టేసి మోకాళ్ల మీద కూలబడి ప్రార్థించాడు. చెర్ట్సీ అనే ఊళ్లో దొంగతనానికి కిటికీలోంచి లోపలికి దించినప్పుడు, చచ్చినా సరే ఇంటివాళ్లను లేపాలని అడుగు వేశాడు, తుపాకి దెబ్బ తిన్నాడు. ఆ ధైర్యం మాత్రం వాడి సొంతం. అప్పటికే వాడికి ఇంకో జీవితం ఎలా ఉంటుందో తెలుసు. చెయ్యని దొంగతనానికి వాణ్ణి కోర్టుకు లాక్కెళితే, పుస్తకాల కొట్టాయన పరుగెత్తుకొచ్చి వీడు కాదని సాక్ష్యం చెప్పాడు కదా. కొట్టు చూసుకునే మనిషి దొరికిందాకా కాళ్లు నిలవలేదాయనకు. తర్వాత బ్రౌన్‌లో గారు, తన జేబు కొట్టాడని అనుమానించిన పిల్లవాణ్ణే బండిలో ఇంటికి తీసుకెళ్లి పక్క వేయించారు. ఒకసారి అలా మంట లేచిన నిప్పును మళ్లీ ఆర్పడం అంత తేలిక కాదు.

ఒక లోపం కూడా మీతో చెప్పాలి. వర్క్‌హౌస్‌లో పెరిగిన పిల్లవాడు అంత చక్కటి భాష మాట్లాడడు, అంత మెత్తగా ఉండడు. చాలామంది ఈ మాట అన్నారు, అది నిజమే. మంచితనం ఎన్ని కష్టాల్లోనైనా బతికి చివరికి గెలుస్తుందని ఆలివర్ ద్వారా చూపించాలనుకున్నానని డికెన్స్ 1841లో వేసిన ముద్రణకు ముందుమాటలో రాసుకున్నాడు. అందుకని వాడు మనిషి కంటే కొంచెం దీపంలా కనిపిస్తాడు. నన్నడిగితే ఈ పుస్తకంలో అసలైన మనిషి నాన్సీ.

నాన్సీని అయిదారేళ్లప్పుడే ఫేగిన్ దొంగను చేశాడు. ఆలివర్‌ను మళ్లీ పట్టి ఇచ్చింది కూడా ఆవిడే. ఆలివర్‌ను ఆదరించిన రోజ్ అనే అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు నాన్సీ ఒక మాట అంటుంది: చిన్నప్పుడు మిమ్మల్ని చూసుకునేవాళ్లు ఉన్నందుకు మోకాళ్ల మీద నిలబడి దేవుడికి దండం పెట్టుకోండి, నాకు ఉయ్యాల నుంచీ అలాంటివాళ్లు లేరు అని. చిట్టీ, నీ ప్రశ్నకు జవాబు నాన్సీయే చెప్పేసింది చూడు. ఆవిడ నిప్పును ఎవరూ ఊదలేదు. అయినా అది లోపల ఉంది! ఆలివర్‌ను చూశాక రాజుకుంది. లండన్ బ్రిడ్జి దగ్గర రహస్యంగా రోజ్‌ను, బ్రౌన్‌లో గారిని కలిసి, పిల్లవాణ్ణి కాపాడే సంగతులన్నీ చెప్పింది. డబ్బు ఇస్తానంటే ముట్టలేదు. మీ వస్తువు ఏదైనా ఒకటి ఇవ్వండి చాలు అంది. రోజ్ తన తెల్ల రుమాలు ఇచ్చింది. ఊరి రుమాళ్లన్నీ దొంగిలించి బతికే గుంపులో పెరిగిన మనిషి అడిగి పుచ్చుకున్న రుమాలు అది. ఆ సాయానికి నాన్సీ ప్రాణమే ఇవ్వాల్సి వచ్చింది.

డికెన్స్‌కు ఇదంతా ఎలా తెలుసనుకున్నారు? ఆయనకు పన్నెండేళ్లప్పుడు, 1824లో, వాళ్ల నాన్నను అప్పులు తీర్చలేదని మార్షల్సీ జైల్లో పెట్టారు. చార్లెస్‌ను థేమ్స్ ఒడ్డున ఎలుకలు తిరిగే పాత ఇంట్లో, బూటు పాలిష్ తయారుచేసే చోట పనికి పెట్టారు. డబ్బాలకు కాగితం చుట్టి, దారం కట్టి, లేబుల్ అంటించాలి. వారానికి ఆరో ఏడో షిల్లింగులు. అప్పుడు దేవుడి దయ లేకపోతే నేను ఒక చిన్న దొంగనో దేశదిమ్మరినో అయిపోయేవాణ్ణి, నన్ను పట్టించుకున్నవాళ్లు ఎవరూ లేరు అని పెద్దయ్యాక రహస్యంగా రాసుకున్నాడు. ఆయన పోయాక స్నేహితుడు ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రతో ఆ సంగతి లోకానికి తెలిసింది.

ఆ పనిచోట ముడి వెయ్యడం నేర్పినవాడు బాబ్ అనే పెద్ద పిల్లవాడు, అమ్మానాన్నలు లేనివాడు. ఒకరోజు చార్లెస్‌కు పక్కలో నొప్పి వస్తే, గడ్డి పరిచి పడుకోబెట్టి, ఖాళీ పాలిష్ సీసాల్లో వేణ్ణీళ్లు పోసి పూటంతా కాపడం పెట్టాడు. సాయంత్రం ఇంటిదాకా దిగబెడతానన్నాడు. నాన్న జైల్లో ఉన్నాడని చెప్పలేక చార్లెస్ ఎవరిదో ఇంటి మెట్ల దగ్గర ఆగి, ఇదే మా ఇల్లు అని చెయ్యి కలిపి పంపేశాడు. ఆ పిల్లవాడి పూర్తి పేరు ఏమిటో తెలుసా? బాబ్ ఫేగిన్. తనకు కాపడం పెట్టిన చేతుల పేరును తీసుకెళ్లి, పిల్లల్ని దొంగలు చేసే ముసలివాడికి పెట్టాడు డికెన్స్. ఎందుకలా చేశాడో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. మనిషి మనసు అంత లోతు, ఆశ్చర్యపోవడం తప్ప నేను చెయ్యగలిగింది లేదు.

ఇంకో సంగతి. నవలలో ఫేగిన్‌ను మాటిమాటికీ "ఆ యూదుడు" అని రాశాడు డికెన్స్. అది ఒక జాతి మొత్తానికి మచ్చ పూసింది. 1863లో ఎలిజా డేవిస్ అనే యూదు మహిళ ఇది అన్యాయమని ఆయనకు ఉత్తరం రాసింది. మొదట తనను తాను సమర్థించుకున్నాడు. కానీ ఆ మాట లోపల పనిచేసింది. తర్వాతి నవలలో రయా అనే మంచి యూదుణ్ణి సృష్టించాడు, 1867 ముద్రణలో ఫేగిన్ దగ్గర ఆ మాట చాలాచోట్ల తీసేశాడు. అంత పెద్ద రచయిత నిప్పునూ ఒకరు వంగి ఊదాల్సి వచ్చింది.

మీ క్లాసులో అందరూ "వాడంతే" అని వదిలేసిన పిల్లవాడు ఉంటే ఒకసారి వాడి పక్కన కూర్చోండి. అంతకంటే నేను చెప్పను.

చిట్టీ, ఈ ఆదివారం నాన్నను అడిగి అసలు నవల తెప్పించుకో. ఇంగ్లిష్ కష్టంగా ఉంటుంది, టెన్షన్ పడకు. ముందు 16వ అధ్యాయం తియ్యి, ఫేగిన్ కర్ర ఎత్తినప్పుడు నాన్సీ ఏం చేస్తుందో చూడు. తర్వాత 52వ అధ్యాయం, అందులో ఉరిశిక్ష పడ్డ ఫేగిన్‌ను చూడటానికి ఆలివర్ జైలుకు వెళతాడు. తనను అంత హింసపెట్టినవాణ్ణి వాడు ఏమని బతిమాలతాడో చదివి, అది నీకు సహజంగా అనిపించిందో లేదో నాకు రాయి. చిన్నా, నువ్వు కూడా రాయాలి, అక్క రాసింది చూడకుండా.

మీ
తాతయ్య