గర్భిణుల్లో బీపీ: అపోహలు - వాస్తవాలు

ప్రసూతి వార్డులో నన్ను బాగా కంగారు పెట్టేది బాధతో మూలిగే గర్భిణి కాదు. బీపీ 160/110 ఉండి కూడా హాయిగా కబుర్లు చెబుతూ కూర్చున్న గర్భిణి. వెంట వచ్చినవాళ్లు "ఇక ఇంటికి తీసుకెళ్లమంటారా డాక్టరమ్మా?" అని అడుగుతుంటారు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగే ఈ జబ్బు పేరు ప్రీఎక్లాంప్సియా. ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, మన పెద్దవాళ్ల మాటలో గుర్రపువాతం.

అపోహ: ఒంట్లో ఏ బాధా లేదు, ఇక బీపీ ఎందుకు చూపించుకోవాలి?

వాస్తవం: తల పగిలిపోయే నొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి కనిపించేసరికి తరచూ జబ్బు ముదిరిపోయి ఉంటుంది. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరిందంటే మనిషి ఎంత చలాకీగా ఉన్నా మూత్రం, రక్తం పరీక్షించాల్సిందే.

అపోహ: కోపం ఎక్కువైనా, ఉప్పు ఎక్కువ తిన్నా ఇది వస్తుంది.

వాస్తవం: కోడలి నోటినీ, ఆమె తిండినీ తప్పుపట్టే ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. జబ్బు మూలం మాయలో (ప్లాసెంటాలో) ఉంది. మొదటి నెలల్లో గర్భసంచి రక్తనాళాలు వెడల్పు కావాలి. అవి సరిగా కాకపోతే మాయకు రక్తం చాలదు. 2003లో బోస్టన్‌లో పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం, అలాంటి మాయ నుంచి ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్ అతిగా తల్లి రక్తంలోకి చేరుతోందని చూపింది. చూడి ఎలుకల్లో దాన్ని పెంచితే అచ్చం ఈ జబ్బులోలాగే బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పడింది. అంటే ఏడో నెలలో బయటపడే జబ్బుకు బీజం నాలుగో నెల లోపే పడుతోంది.

అపోహ: గర్భిణులకిచ్చే మందులు ఎవరూ పరీక్షించినవి కావు.

వాస్తవం: ఈ భయానికి కారణం లేకపోలేదు. థాలిడోమైడ్ మాత్ర వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలైంది. తర్వాత గర్భిణులను చాలా పరిశోధనలకు దూరంగా ఉంచేశారు. దానివల్ల నష్టపోయింది వాళ్లే. ఫిట్స్ వచ్చిన తల్లికి ఒక ఆసుపత్రిలో డయాజిపామ్, మరోచోట ఫెనిటాయిన్, ఇంకోచోట మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చేవారు. ఏది మేలో తేల్చింది 1995లో వెలువడిన అధ్యయనం. అందులో 1,687 మంది తల్లులున్నారు, మన దేశంవాళ్లతో సహా. మెగ్నీషియం తీసుకున్నవాళ్లలో ఫిట్స్ మళ్లీ రావడం డయాజిపామ్‌తో పోలిస్తే సగానికి, ఫెనిటాయిన్‌తో పోలిస్తే మూడో వంతుకు తగ్గింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా పాల్గొన్న మాగ్‌పై ట్రయల్, అసలు ఫిట్సే రాకుండా ఆపడంలోనూ దాని బలం చూపింది. ముప్పు సగానికి పైగా తగ్గింది.

మెగ్నీషియం ఖరీదైన మందేమీ కాదు, కాపలా కాయాల్సిన మందు. తుంటికి ప్రతి డోసు ఇచ్చే ముందు మా సిస్టర్ మోకాలి మీద సుత్తితో తట్టి కాలు ఎగురుతోందా చూస్తుంది, నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెడుతుంది, సంచిలో మూత్రం కొలుస్తుంది. కాలు కదలకపోతే ఒంట్లో మందు ఎక్కువైందేమోనని డోసు ఆపేస్తాం. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే ఉంటుంది.

అపోహ: ఆస్ప్రిన్ గుండెజబ్బు మాత్ర, కడుపుతో ఉన్నవాళ్లు ముట్టకూడదు.

వాస్తవం: 2017 నాటి యాస్ప్రి అధ్యయనంలో ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11-14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల వరకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చే తీవ్రమైన రకం 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఇది అందరికీ అక్కర్లేదు, సొంతంగా కొనుక్కుని వేసుకోనూ కూడదు. గత కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్లు, మధుమేహం, కిడ్నీ జబ్బు, కవల గర్భం ఉన్నవాళ్లు మాత్రం మూడో నెలలోనే డాక్టరును అడగాలి. విటమిన్ సి, ఇ మాత్రలతో ఇది ఆగదని పరిశోధనలే తేల్చాయి.

అపోహ: కాన్పయితే గండం గడిచినట్టే.

వాస్తవం: కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ మళ్లీ పైకి లేస్తుంది. అప్పటికి చాలామంది ఇంటికి చేరుకుంటారు. బాలింతకు ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తుల కోసం పరిగెత్తడం ఇప్పటికీ చూస్తున్నాను. ఆ గంట చాలా విలువైనది, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ జబ్బు వచ్చినవాళ్లకు ముందుముందు గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. కాబట్టి డిశ్చార్జి కాగితాలు పారేయకుండా దాచుకోండి. ఏటా బీపీ, షుగర్ చూపించుకోండి. నలభై ఏళ్లు దాటాక ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, అడగకపోయినా సరే, "కడుపుతో ఉన్నప్పుడు నాకు బీపీ వచ్చింది" అని చెప్పండి.