కుక్క అడిగేది కాస్త దూరమే

ధనుర్మాసం. తెల్లవారుజామున ఐదున్నర. విజయవాడ సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు మీద మంచు ఇంకా విడలేదు. ఎక్కడో గుడి మైకులో పాశురాలు వినిపిస్తున్నాయి. నేనూ, మా పక్కింటి మాస్టారూ రోజూలాగే వాకింగ్‌కు బయల్దేరి ఒక సందు మొగ దాటుతున్నాం. ఆగి ఉన్న కారు కింద నుంచి గోధుమరంగు కుక్క ఒకటి దూసుకొచ్చింది. వెనకే ఇంకో రెండు. నేను వెనక్కి తిరిగి పరుగు అందుకోబోయాను. మాస్టారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"పరిగెత్తకు బాబూ. నిలబడు."

నిలబడ్డాం. కుక్క ఆరడుగుల దూరంలో ఆగి ఒళ్లంతా ఊగిపోయేలా మొరిగింది. మాస్టారు దానికేసి సూటిగా చూడలేదు. గొడుగును మాకూ కుక్కకూ మధ్య అడ్డంగా దించి, పక్కకు తిరిగి, నెమ్మదిగా ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వచ్చారు. నేనూ అలాగే చేశాను. అది మా వెంట కొంచెం దూరం వచ్చి, కిరాణా కొట్టు మూల దగ్గర నేల మీద గీత గీసినట్టు ఆగిపోయింది. ఇంకో నాలుగు మొరుగులు మొరిగి వెనక్కి వెళ్లిపోయింది.

ఆ గీత గురించి నాకు ఆ రోజు ఏమీ తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. రోడ్డు మీద మనల్ని అదిలించే కుక్కల్లో చాలా వాటికి మనల్ని కరవాలని ఉండదు, మనం అక్కడి నుంచి వెళ్లిపోవాలని ఉంటుంది. అరుపు, గుర్రు, పళ్లు బయటపెట్టడం, ఒక్క ఉదుటున ముందుకు దూకి ఆగిపోవడం, గాల్లో కొరికినట్టు చెయ్యడం, ఇవన్నీ ఒకే మాటను అంతకంతకూ గట్టిగా చెప్పే పద్ధతులు. కాట్లాటలో దెబ్బ తగిలే ప్రమాదం కుక్కకూ ఉంది. అందుకే దానికి కాటు దాదాపు ఆఖరి మాట. అది అడిగిన దూరం మనం ఇచ్చేస్తే, చాలాసార్లు ఆ మాట దాకా రాదు.

మొరిగే కుక్క కరవదని మన సామెత. ఇందులో సగమే నిజం. దూరం నుంచి మొరుగుతున్న కుక్క ఇంకా మాట్లాడుతోంది, మనకు ఇంకా టైం ఉంది. కానీ ఆ మాట వినకుండా మనం ముందుకు వెళ్లినా, దానికి తప్పించుకునే దారి లేకుండా మూలకు నెట్టినా, మొరిగే కుక్కే కరుస్తుంది. నన్ను అడిగితే మొరిగే దానికంటే, మొరుగుతూ మొరుగుతూ ఒక్కసారిగా ఆగి కొయ్యలా బిగుసుకుపోయిన కుక్కకు ఎక్కువ భయపడాలి. ఒళ్లు కదలదు, నోరు మూసుకుంటుంది, చూపు మన మీద నిలిచిపోతుంది. కాటుకు ముందు చాలా కుక్కలు అలా ఒక క్షణం బిగుసుకుంటాయి.

తోక మాటకు వస్తే, తోక ఊపితే స్నేహమే అనుకోవడం వల్ల ఎందరో కాట్లు తిన్నారు. తోక ఊపడం ఉద్రేకానికి గుర్తు. ఆ ఉద్రేకం ప్రేమ కావచ్చు, కోపం కావచ్చు. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు 30 కుక్కల తోకలను వీడియో తీసి చూస్తే, యజమాని కనిపించినప్పుడు తోక కుడివైపు ఎక్కువగా ఊగింది. తమకంటే బలంగా కనిపించే కొత్త కుక్క ఎదురైనప్పుడు ఎడమవైపు ఎక్కువగా ఊగింది. ఈ తేడాను రోడ్డు మీద నిలబడి కొలవలేం. కానీ తోకతో పాటు ఒళ్లు చూడొచ్చు. నడుమంతా మెత్తగా మెలికలు తిరుగుతూ ఊగితే సరదా. ఒళ్లు బిగిసి, తోక నిటారుగా లేచి కొస మాత్రం గబగబా కొట్టుకుంటుంటే, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే, అడుగు ముందుకు వెయ్యకూడదు.

ఇక పరుగు. కుక్కలు తోడేళ్ల జాతి నుంచి వచ్చాయి, మనిషితో కలిసి బతకడం మొదలై కనీసం 15,000 ఏళ్లయింది. అన్నం మారింది, ఇల్లు మారింది, కదిలిపోయేదాన్ని తరిమే స్వభావం మాత్రం పోలేదు. వాటి కంటి నిర్మాణం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలైతే కుక్కకు రెండే. ఎరుపూ ఆకుపచ్చా దానికి సరిగ్గా తేడా తెలియవు. కానీ మసక వెలుతురును, కదలికను పట్టే కణాలు దండిగా ఉంటాయి. కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి వెలుగును మళ్లీ లోపలికే తిప్పి కొడుతుంది. టార్చి వేస్తే కుక్క కళ్లు మెరిసేది అందుకే. తెల్లవారుజాము చీకట్లో మనకు అది కనిపించకముందే, మనం దానికి కనిపిస్తాం. నిలబడితే స్తంభం, పరిగెత్తితే వేట. ఎంత పరిగెత్తినా దాన్ని మించలేం కూడా. బండి మీద ఉన్నా ఇదే లెక్క. బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ వైపు రాత్రి షిఫ్టుకు వెళ్లే కుర్రాళ్లు కుక్క వెంటపడగానే యాక్సిలరేటర్ తిప్పుతారు. అక్కడ కాటుకంటే పడిపోవడమే పెద్ద ప్రమాదం. వేగం తగ్గిస్తే చాలా కుక్కలు తరమడం మానేస్తాయి.

కాబట్టి చెయ్యాల్సింది మాస్టారు చేసిందే. ఆగాలి. ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడాలి. కళ్లలోకి చూడకూడదు, కుక్క భాషలో అది సవాలు. అలాగని దాన్ని కనుచూపు దాటనివ్వకూడదు, వీపు చూపించకూడదు. చేతులు ఊపకుండా దగ్గరగా పెట్టుకోవాలి. కీచుగా అరిస్తే దాని ఉద్రేకం పెరుగుతుంది, గొంతు తగ్గించి "పో" అంటే చాలు. గొడుగు, చేతిసంచి, సైకిలు, ఆగి ఉన్న కారు, ఏది దొరికితే అది మధ్యలో ఉంచుకోవాలి. మీద పడితే సంచినే దాని నోటికి అందించాలి, చెయ్యి కాదు. కింద పడిపోతే బోర్లా ముడుచుకుని, పిడికిళ్లతో చెవులూ మెడా కప్పుకుని కదలకుండా ఉండాలి. కరిచి పట్టుకున్నప్పుడు గట్టిగా లాగేసుకుంటే గాయం చీలి పెద్దదవుతుంది.

రాయి సంగతి కూడా చెప్పాలి. రాయి తీసుకుంటున్నట్టు వంగితే వీధికుక్క వెనక్కి తగ్గడం మనందరికీ తెలుసు. ఇది ఉత్త నమ్మకం కాదు, అవి మన చేతులను చాలా జాగ్రత్తగా చదువుతాయి. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం ఏ శిక్షణా లేని వీధికుక్కల ముందు మూతపెట్టిన రెండు గిన్నెలు పెట్టి, ఒకదాన్ని చేత్తో చూపించింది. దాదాపు సగం కుక్కలు బెదిరి దగ్గరికే రాలేదు. వచ్చిన వాటిలో దాదాపు 80 శాతం చెయ్యి చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. అలాంటి జీవికి వంగడం అర్థం కాకుండా పోదు. అయితే నిజంగా విసిరితే కథ మారుతుంది. దెబ్బ తిన్న కుక్క ఆ రోజు పారిపోవచ్చు, రేపు మన వెనక వచ్చే ముసలావిడను చూడగానే ముందే మీద పడొచ్చు. మా వీధిలో రాళ్లు వేసే పిల్లలున్న సందులోనే కుక్కలు ఎక్కువ దురుసుగా ఉంటాయి. మంద చుట్టుముట్టినప్పుడు మాత్రం వంగడం ప్రమాదం. ముఖం, మెడ వాటికి అందుతాయి.

మళ్లీ ఆ గోధుమరంగు కుక్క దగ్గరికి వస్తాను. వారం తర్వాత తెలిసింది, కారు వెనక మెట్ల కింద దానికి ఐదు పిల్లలున్నాయి. మన పెద్దలు చిత్తకార్తె కుక్కలని తిట్టేవారు కదా, ఆ మాటలో పక్కా పరిశీలన ఉంది. మన దేశంలో వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం చివర, శరదృతువులో జత కడతాయి. చిత్తకార్తె వచ్చేది అక్టోబరులో. కుక్క చూలు 63 రోజులు. లెక్క వేసుకుంటే పిల్లలు పుట్టేది సరిగ్గా ధనుర్మాసం ముగ్గుల రోజుల్లో. అంటే ఏడాదిలో రెండు దఫాలు మనం మామూలుకంటే జాగ్రత్తగా నడవాలి. చిత్తకార్తెలో మగకుక్కలు గుంపు కట్టి ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, ఆ గుంపు మధ్య నుంచి పోకూడదు. ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాటేదాకా తల్లికుక్కలుంటాయి. కాలువ గట్టు పొదలు, కల్వర్టులు, సగం కట్టిన ఇళ్లు, అపార్ట్‌మెంటు సెల్లార్లు వాటి పురిటిగదులు. ఆ రోజు కిరాణా కొట్టు మూల దగ్గర ఉన్న గీత ఆ తల్లి తన పిల్లల చుట్టూ గీసుకున్నది. మేం మర్నాటి నుంచి రోడ్డు అవతలి పక్క నడిచాం. అది తల ఎత్తి చూసి మళ్లీ పడుకునేది.

వీధికుక్కలతో ఇలా సర్దుకోవడం నాకు తేలికగానే వచ్చింది. నాకు ఎక్కువ కోపం తెప్పించేది గొలుసు లేకుండా వదిలిన పెంపుడు కుక్క. రెండేళ్ల కిందట ఒక గ్రౌండులో నడుస్తుంటే పెద్ద కుక్క ఒకటి నా మీదికి దూకింది. దాని యజమాని ఇరవై గజాల అవతల నుంచి నవ్వుతూ, "ఏం చెయ్యదండీ, భయపడకండి" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఆయన పిల్లలతో అది ఏమీ చెయ్యదు. కానీ కుక్క ప్రవర్తన చోటును బట్టి, ఎదుటివాళ్లను బట్టి మారుతుంది. కర్ర పట్టుకున్న వృద్ధుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, పరిగెత్తే పిల్ల దానికి కొత్త. తన కుక్క కొత్తవాళ్ల దగ్గర ఏం చేస్తుందో ఆయన చూసి ఉండరు. అలాంటప్పుడు మొహమాటపడకుండా గట్టిగా, మర్యాదగా "గొలుసు వెయ్యండి సార్, నేను ఆగుతాను" అనాలి. ఆగి చేతులు కట్టుకోవాలి. నిర్లక్ష్యంగా వదిలిన జంతువు వల్ల మనుషులకు హాని కలిగే పరిస్థితి తెస్తే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కేసు పెట్టమని కాదు, కుక్కను ప్రేమించేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలని రాస్తున్నాను.

అన్నం పెట్టేవాళ్లకూ ఒక మాట. సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో వీధికుక్కలకు తిండి పెట్టడానికి ప్రత్యేక చోట్లు గుర్తించమంది. అందులో మంచి కారణం ఉంది. తిండి దగ్గర ప్రతి కుక్కా కాపలాదారే. వాకింగ్ దారి పక్కనే, మనుషులు నడిచే వేళకే పెరుగన్నం పెడితే, ఆ దయ పక్కవాళ్ల మీద కాటుగా మారే వీలుంది. ఇంకో గుర్తు కూడా చూడండి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆ కుక్కకు సంతాన నియంత్రణ ఆపరేషన్ అయినట్టు. ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకా కూడా వేయాలని నిబంధన. అయినా ఆ చెవిని నమ్ముకుని కాటుకు వైద్యం మానేయకూడదు.

కాటు పడితే ఏం చెయ్యాలో మన ఇళ్లలో ఇంకా తప్పుగానే చెప్పుకుంటున్నారు. కారం పెడతారు, సున్నం రాస్తారు, జిల్లేడు పాలు పోస్తారు. ఇవి గాయాన్ని మండించి కండను పాడు చేస్తాయి, వైరస్‌ను ఏమీ చెయ్యవు. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఒకటి ఉంటుంది. సబ్బు జిడ్డును ఎలా కరిగిస్తుందో ఆ పొరనూ అలాగే కరిగిస్తుంది. అందుకే కుళాయి కింద పెట్టి, ధారగా నీళ్లు పోస్తూ, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, పావుగంట మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువసేపు. ఆపైన అదే రోజు ఆసుపత్రికి.

ఆ తొందరకు కారణం వైరస్ దారి. అది రక్తంలో ప్రయాణించదు. కండలోంచి నరంలోకి దూరి, రోజుకు సెంటీమీటరు నుంచి కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెదడు వైపు పాకుతుంది. కాలికి కాటైతే దారి పొడవు, ముఖానికైతే పొట్టి. మామూలుగా లక్షణాలు ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడతాయి. బయటపడ్డాక బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. టీకా ఆ ప్రయాణం పూర్తి కాకముందే శరీరాన్ని సిద్ధం చేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకాలు మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో. రక్తం వచ్చేలా చర్మం తెగితే, టీకా పని మొదలుపెట్టేలోపు కాపాడటానికి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వెయ్యాలి. అది అడిగి వేయించుకోండి. పెద్దవాళ్లు చాలామంది బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు గుర్తు చేసుకుని భయపడి ఆసుపత్రికే వెళ్లరు. అవి గొర్రె మెదడుతో తయారు చేసిన పాత టీకాలు, మన దేశంలో వాటిని ఆపేసి 20 ఏళ్లయింది. ఇప్పటివి చేతికి వేసే చిన్న సూదులు. కుక్క బాగానే ఉందిగా, పది రోజులు చూద్దాం అని ఆగవద్దు. కుక్కను గమనిస్తూనే టీకా మొదలుపెట్టాలి.

పిల్లల దగ్గర ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. వాళ్ల ముఖం కుక్క నోటి ఎత్తులోనే ఉంటుంది, భయపడితే వాళ్లకు తెలిసింది అరుపు, పరుగు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కల మంద పొట్టన పెట్టుకుంది. అంత చిన్న పిల్లలను వీధిలో ఒంటరిగా వదలకపోవడం తప్ప వేరే ఉపాయం లేదు. కాస్త పెద్ద పిల్లలకు మాత్రం నేర్పవచ్చు. మాస్టారు తన మనవరాలికి వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నేర్పుతుంటే చూశాను. పిల్లలందరికీ వచ్చిన ఆటే అది. ఆయన భౌభౌ అంటూ మీదికి వస్తారు, "స్టాచ్యూ!" అంటారు. ఆ పిల్ల చేతులు రెండూ ఒంటికి ఆనించి, తల వంచి, తన కాలి వేళ్లను చూస్తూ చెట్టులా నిలబడిపోతుంది. మొదటి రోజు రెండు క్షణాలకే నవ్వు ఆపుకోలేక కదిలిపోయింది. వారం తిరిగేసరికి కదలకుండా ఉండటం వచ్చింది.

"తాతా, ఇంకా ఎంతసేపు?" అని తల ఎత్తకుండానే అడిగింది.

"అది వెళ్లిపోయేదాకా అమ్మా" అన్నారు మాస్టారు, చుట్టూ తిరుగుతూనే.